వాదం నేర్పే వినయం

మాట్లాడడం మనిషికి పుట్టుకతో రాదు, వినడమూ అంతే. పసిబిడ్డ తల్లి ఒడిలో మాటలు నేర్చుకొంటుంది. కాని ఆ మాటలను నలుగురిలో ఎలా వినియోగించాలో, తనకు నచ్చని మాటను ఎలా సహించాలో, సహించి దానికి ఎలా సమాధానం చెప్పాలో ఇల్లు ఒక్కటే నేర్పలేదు. ఇంట్లో పెద్దవారి మాట చెల్లుతుంది. వీధిలో గట్టిగా అరచినవారి మాట నెగ్గుతుంది. పెద్దరికంతోనూ గొంతు బలంతోనూ నిమిత్తం లేకుండా, కారణం గల మాటకు విలువ దక్కే చోటు ఒకటి మనిషికి కావాలి. ఆ చోటు కాగలిగిన శక్తి తరగతి గదికి ఉంది.

పూర్వం మన పల్లెలలో రచ్చబండ అటువంటి చోటుగా ఉండేది. చెట్టు కింద అరుగు మీద కూర్చొని ఊరి మంచిచెడ్డలు తేల్చుకొనేవారు. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అనే సామెతలో రచ్చ గౌరవస్థానమే. కాలక్రమంలో ‘రచ్చకెక్కడం’ అంటే పరువు పోగొట్టుకోవడం అనే అర్థం స్థిరపడింది. ‘వాదన’ అనే మాటకూ అదే గతి పట్టింది. ‘వాదన పెట్టుకోకు’ అంటే ‘తగవు పెట్టుకోకు’ అనే నేడు అర్థం చేసుకొంటున్నారు. ఎదురు ప్రశ్న వేసిన పిల్లవాడిని ‘చిన్నంతరం పెద్దంతరం లేదు’ అని మందలిస్తారు. ఆడపిల్ల అయితే ‘నోరు పెద్దది’ అని ముద్ర వేస్తారు. అప్పటి నుంచి ఆ బిడ్డకు రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి నోరు మూసుకోవడం. రెండవది నోరు పారేసుకోవడం. ఈ రెండింటికీ నడుమ మూడవ దారి ఒకటి ఉన్నది. దాని పేరు చర్చ.

ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి పదహారు, పదిహేడేళ్ళుంటాయి. రాజ్యాంగ 61వ సవరణ వల్ల 1989 నుంచి ఓటు హక్కు వయస్సు 21 సంవత్సరాల నుంచి 18కి తగ్గింది. అనగా నేడు బల్ల మీద కూర్చొని పాఠం వింటున్న విద్యార్థి ఏడాది రెండేళ్ళలో దేశ భవితవ్యాన్ని నిర్ణయించే పౌరుడవుతాడు. ఆ కీలకమైన రెండేళ్ళూ చాలామందికి ప్రవేశపరీక్షల సన్నాహంలోనే గడచిపోతాయి. నాలుగు సమాధానాలలో సరైనదానిని గుర్తించడం బాగా అలవడుతుంది. ఆ సమాధానం ఎందుకు సరైనదో, ఎదుటివాడు దానిని ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆలోచించే తీరిక మాత్రం దొరకదు. రెండు పుటల వ్యాసం కంఠస్థం చేసి ఒప్పజెప్పగల విద్యార్థి ‘ఎందుకు?’ అన్న ఒక్క ప్రశ్నకు నిలువునా నీరైపోవడం అరుదైన సంగతి కాదు. లోపం తెలివితేటలలో లేదు, అభ్యాసంలో ఉంది.

వాదించడం మన సంప్రదాయానికి కొత్తది కాదు. బృహదారణ్యకోపనిషత్తులో జనకుని సభ వర్ణన ఉంది. యాజ్ఞవల్క్యుని ఎదుట ఎందరో పండితులు నిలిచి ప్రశ్నించారు. వారిలో గార్గి ఒకతె. ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ పోయిన ఆమెను యాజ్ఞవల్క్యుడు ఒక దశలో కఠినంగా వారించాడు. ఆమె అప్పటికి ఊరకుంది. కాని మళ్ళీ లేచి, సభవారి అనుమతి తీసుకొని, మరి రెండు ప్రశ్నలు వేసింది. సమాధానం లభించిన తరువాత, ఈయనను గెలవడం మీ తరం కాదు, నమస్కరించి తృప్తి పొందండని తోటి పండితులకు ఆమే చెప్పింది. గార్గి కథలో రెండు గుణాలు కనిపిస్తాయి. వారించినా సందేహం తీరేదాకా ప్రశ్నను విడువకపోవడం మొదటిది. తీరిన తరువాత ఆ మాట నిండు సభలో ఒప్పుకోవడం రెండవది. మొదటి గుణాన్ని మెచ్చుకొనేవారు రెండవదానిని తరచుగా మరచిపోతారు.

గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజించాయి. సత్యాన్ని తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం, అవసరమైతే మాటల మాయకు కూడా దిగి చేసేది జల్పం. తనదంటూ ఒక పక్షాన్ని నిలబెట్టకుండా ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండం. ఈ మూడింటిలో చివరి దాని పేరే నేటి తెలుగులో జన వ్యవహారంలో బాగా నిలిచింది. ‘వితండవాదం’ తెలియని తెలుగువాడు ఉండడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. వాదానికీ వితండానికీ భేదం తెలియకపోవడం వల్లనే వాదమంతా వితండమని భయపడి దూరంగా ఉండేవారు పెరిగిపోయారు.

ఒక మాటను నిరూపించడానికి న్యాయశాస్త్రం ఐదు మెట్లు చెప్పింది. అవి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పు ఉన్నది అనడం ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తున్నది గనుక అనడం హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింటిలో చూడలేదా అనడం ఉదాహరణ. ఈ కొండ మీదా అటువంటి పొగే ఉన్నది అనడం ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పు ఉన్నది అని ముగించడం నిగమనం. నేటి తరగతిలో చాలా ఉపన్యాసాలు ప్రతిజ్ఞతో మొదలై ప్రతిజ్ఞతోనే ముగుస్తాయి. ‘గ్రంథాలయం సాయంత్రం కూడా తెరచి ఉంచాలి’ అని పదిసార్లు గొంతు పెంచి చెప్పినంత మాత్రాన అది వాదన కాదు. పగలంతా తరగతులే ఉన్నాయి గనుక చదువుకొనే వేళ సాయంత్రమే అని కారణం చూపాలి. వసతిగృహంలో సాయంత్రం వేళ ఎందరు విద్యార్థులు చదివే చోటు లేక ఇబ్బంది పడుతున్నారో చూసి వచ్చి చెప్పాలి. అప్పుడే ఆ మాటకు కాళ్ళు వస్తాయి.

వాదంలో ఓటమికి దారితీసే తప్పులను కూడా ఆ శాస్త్రం నిగ్రహస్థానాలనే పేరుతో 22గా లెక్కించింది. చర్చను పక్కదారి పట్టించి సంబంధం లేని విషయంలోకి పోవడం అర్థాంతరం. చెప్పిందే చెప్పడం పునరుక్తం. తన మీద వచ్చిన ఆరోపణకు సమాధానం చెప్పకుండా ‘నీలో మాత్రం ఆ దోషం లేదా?’ అని ఎదురు దాడి చేయడం మతానుజ్ఞ. అలా అన్నవాడు తన దోషాన్ని ఒప్పుకొన్నట్లే అని శాస్త్రకారుల నిర్ణయం. ఇక ఛలం అనేది మాటల మాయ. ఒకడు నవకంబళం కప్పుకొన్నాడని ఎవరైనా అంటే కొత్త కంబళి అని అర్థం. ‘నవ’ శబ్దానికి తొమ్మిది అనే అర్థమూ ఉంది గనుక, ‘తొమ్మిది కంబళ్ళెక్కడివి, ఒకటే కదా ఉన్నది’ అని ఆక్షేపించడం ఛలం. వేల ఏళ్ళనాటి ఈ పట్టికను ముందు పెట్టుకొని నేటి ఏ వాగ్వాదాన్ని విన్నా దాని లోపాలు ఇట్టే పట్టుబడతాయి.

ఈ పట్టికలో ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించవలసిన తప్పు ఒకటి ఉంది. ప్రతివాది మూడుసార్లు చెప్పి, సభకు అర్థమైన మాటను తిరిగి చెప్పలేకపోవడం. దీనికి అననుభాషణం అని పేరు. ఎదుటివాడి మాటను యథాతథంగా అప్పజెప్పలేనివానికి దానిని ఖండించే అర్హత లేదన్నమాట. వినడం వాదానికి అలంకారం కాదు, పునాది అని దీనిని బట్టి తెలుస్తుంది. చరకసంహిత వైద్యుల చర్చలను గూర్చి చెప్తూ స్నేహభావంతో చేసే సంధాయ సంభాషనూ, పోటీభావంతో చేసే విగృహ్య సంభాషనూ వేరుచేసి చూపింది. తోటి వైద్యునితో చర్చిస్తే జ్ఞానం పెరుగుతుంది, సందేహం తొలగుతుందని ఆ గ్రంథం బోధించింది. రోగి ప్రాణం నిలపవలసినవారికి చర్చ కాలక్షేపం కాదు కదా!

ఆధునిక కాలంలో తెలుగునాట జరిగిన గొప్ప వాదం తరగతి గది గురించే కావడం విశేషం. పిల్లలు ఏ తెలుగులో చదవాలి, ఏ తెలుగులో రాయాలి అనే ప్రశ్న మీద ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో పండితులు రెండు పక్షాలుగా చీలిపోయారు. గిడుగు వేంకట రామమూర్తి పంతులు, గురజాడ వేంకట అప్పారావు వ్యావహారిక భాష పక్షాన నిలిచారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు గ్రాంథిక భాషను సమర్థించారు. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో సభ్యుడైన గురజాడ, అధిక సంఖ్యాకుల నిర్ణయంతో ఏకీభవించలేక 1914లో తన అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా రాసి సమర్పించాడు. నాడు ఆయన పక్షం నెగ్గలేదు. కాని కారణాలు కాగితం మీద నిలిచాయి. గిడుగు శాసనాలనూ పూర్వ వచన గ్రంథాలనూ గాలించి వాడుక రూపాలను సేకరించాడు. గ్రాంథికవాదుల రచనలలోనే వారి నియమాలకు భిన్నమైన ప్రయోగాలను ఎత్తిచూపాడు. ఊరక నిందించలేదు, ఆధారం చూపి మాట్లాడాడు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 నేడు తెలుగు భాషా దినోత్సవం.

ఈ చరిత్రలో విద్యార్థులు గమనించవలసిన మరో ముఖం ఉంది. ఓడిన పక్షంగా నేడు కనిపించే జయంతి రామయ్య పంతులు తెలుగుకు శత్రువు కాడు. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తుకు ఆయన ప్రాణం వంటివాడు. సూర్యరాయాంధ్ర నిఘంటువు నిర్మాణానికి సారథ్యం వహించాడు. ఒకే భాష మీది ప్రేమ ఇద్దరు పెద్దలను రెండు వైపులకు నడిపించింది. ఎదుటి పక్షంవాడు మూర్ఖుడో ద్రోహియో అయి ఉండాలనే తొందరపాటుకు ఇంతకంటే మంచి విరుగుడు లేదు.

దేశస్థాయిలో చూస్తే భారత రాజ్యాంగమే ఒక మహాచర్చ ఫలితం. రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న తొలిసారి సమావేశమై, 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. పదకొండు విడతలలో 165 రోజులు సభ జరిగితే, అందులో 114 రోజులు ముసాయిదా పరిశీలనకే సరిపోయాయి. 7,635 సవరణలు ప్రతిపాదనకు రాగా, 2,473 సవరణలను సభలో ప్రవేశపెట్టారు. ముసాయిదా సంఘంలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, సభలో దుర్గాబాయి, ఎన్.జి. రంగా, పట్టాభి సీతారామయ్య వంటి తెలుగు నేలకు చెందినవారు ఉన్నారు. అధికార భాష విషయంలో 1949 సెప్టెంబరులో సభ ఉద్రిక్తమైంది. చివరకు ఆ నెల 14న మున్షీ-అయ్యంగార్ సూత్రం అని పేరుపడిన రాజీని సభ అంగీకరించింది. ఏ పక్షమూ కోరినదంతా పొందలేదు. ఏ పక్షమూ సభను విడిచి పోలేదు.

1949 నవంబరు 25న చేసిన చివరి ప్రసంగంలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్, తన ముసాయిదాను అడుగడుగునా విమర్శించిన హెచ్.వి. కామత్, కె.టి. షా, హృదయనాథ్ కుంజ్రు మొదలైనవారిని పేరుపేరునా తలచుకొని కృతజ్ఞత తెలిపాడు. వారి సూచనలను తాను అంగీకరించకపోయినా వాటి విలువ తగ్గదని, వారు లేకుంటే రాజ్యాంగ సూత్రాలను వివరించే అవకాశమే తనకు దొరికేది కాదని ఆయన భావం. విమర్శకునికి కృతజ్ఞత చెప్పగలగడం వాదవిద్యకు పరాకాష్ఠ.

మరి ఈ విద్యను తరగతిలో నేర్పేదెలా? వక్తృత్వపు పోటీలు మన విద్యాలయాలకు కొత్త కావు. కాని వాటిలో విద్యార్థి తరచు ఇంటి దగ్గర ఎవరో రాసి ఇచ్చిన ఉపన్యాసాన్ని కంఠస్థం చేసి వస్తాడు. ముందు మాట్లాడినవారు ఏమి చెప్పినా అతని ఉపన్యాసం మారదు. అది పఠనం అవుతుంది గాని చర్చ కాదు. కేంద్ర ప్రభుత్వ పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966-67లో ఢిల్లీ పాఠశాలల్లో ప్రారంభించిన యువ పార్లమెంటు పోటీలు సభానియమాలను పిల్లలకు పరిచయం చేశాయి. అటువంటి కార్యక్రమాలు ఏడాదికొకసారి జరిగే పండుగలు. పండుగ వంటతో ఏడాది పొడవునా ఆకలి తీరదు. వారానికి ఒక్క పీరియడైనా తరగతిలోనే చర్చ సాగాలి.

అంశాన్ని ఎన్నుకోవడం మొదటి మెట్టు. రెండు వైపులా నిజాయితీగా వాదించడానికి వీలున్న విషయమే చర్చకు తగినది. ‘ఆడపిల్లలకు ఉన్నత విద్య అవసరమా?’ వంటి ప్రశ్నలు చర్చనీయాంశాలు కావు. అటువంటి వాదంలో తరగతిలో సగంమంది తమ హక్కును తామే నిరూపించుకోవలసిన దుస్థితిలో పడతారు. ఒక విద్యార్థి పుట్టుకను, కులాన్ని, మతాన్ని, అంగవైకల్యాన్ని బోనులో నిలబెట్టే ఏ ప్రశ్నా తరగతి గడప తొక్కరాదు. మనిషి గౌరవం చర్చకు విషయం కాదు, చర్చకు నియమం.

‘కళాశాల ఆవరణలో సెల్‌ఫోన్లను పూర్తిగా నిషేధించాలి’ అనే అంశాన్ని తీసుకొన్నారనుకొందాం. ఎవరు ఏ పక్షమో చీటీలు తీసి నిర్ణయించాలి. తన అభిప్రాయానికి విరుద్ధమైన పక్షం వచ్చిన విద్యార్థి మొదట గొణుగుతాడు. తరువాత ఆ పక్షానికి బలమైన కారణాలు వెదకడం మొదలుపెడతాడు. తాను తేలికగా కొట్టిపారేసిన మాటలోనూ కొంత సత్యం ఉన్నదని అప్పుడు తెలిసివస్తుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు. విద్యార్థులలోనే ఒకరు అధ్యక్షత వహిస్తారు. మరొకరు గడియారం చూస్తారు. ఎవరు లేచినా ముందు మాట్లాడినవారి వాదాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, ‘మీరన్నది ఇదే కదా?’ అని అడిగి, వారు ఔనన్న తరువాతనే సమాధానం ప్రారంభించాలి. అననుభాషణం దోషమని చెప్పిన శాస్త్రకారుల మాట ఈ ఒక్క నియమంతో ఆచరణలోకి వస్తుంది.

నిషేధించాలనేవారు ఏకాగ్రత చెడుతుందంటారు. కూడదనేవారు ఇంట్లో కంప్యూటరు లేని విద్యార్థికి ఫోనే పుస్తకమంటారు. ఇంతలో వెనుక బల్ల మీది అమ్మాయి లేచి, తమ ఊరికి సాయంత్రం ఒకటే బస్సు అని, అది తప్పిపోయిన రోజున ఇంటికి కబురు చెప్పడానికి ఫోను తప్ప దిక్కు లేదని చెప్తుంది. తరగతి నిశ్శబ్దమవుతుంది. పుస్తకాలలో దొరకని కారణం అది. అప్పుడు వాదం చర్చగా మారాలి. తరగతుల వేళ ఫోన్లు కార్యాలయంలో భద్రపరచి, ఇంటికి పోయేటప్పుడు తిరిగి ఇవ్వవచ్చు కదా అని ఎవరో సూచిస్తారు. మొదట ఏ పక్షమూ ఊహించని మూడవ పరిష్కారం అది. రెండు పక్షాల బలాబలాలను పరీక్షించేది వాదం. ఆ పరీక్షలో నిలిచినవాటిని కలిపి నిర్ణయానికి రావడం చర్చ. విద్యార్థికి రెండూ కావాలి.

ఆ అమ్మాయి లేచి నిలబడడం దానంతట అది జరగదు. ప్రతి తరగతిలోనూ మాట్లాడే నలుగురు ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటారు. తక్కినవారు వింటున్నట్లు కనిపిస్తారు. వారిలో చాలామంది తమ ఇంట మొదటిసారి కళాశాల గడప తొక్కినవారు. తమ యాస విని నవ్వుతారేమో అన్న భయం వారి గొంతుకు అడ్డం పడుతుంది. శ్రీకాకుళం పలుకుబడి గాని, రాయలసీమ యాస గాని, తెలంగాణ మాట గాని తప్పుడు తెలుగు కాదని ఉపాధ్యాయుడు మొదటి రోజే స్పష్టం చేయాలి. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తాను సవర భాష నేర్చుకొని పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి వారసత్వం ఇదే. ముందుగా ఇద్దరిద్దరు మాట్లాడుకోవాలి, తరువాత నలుగురు, చివరకు తరగతి అంతా. ఒకరి చెవిలో చెప్పగలిగిన మాటను నలుగురిలో చెప్పడానికి ఆ మెట్లు తోడ్పడతాయి. మార్కులు ఇవ్వవలసి వస్తే గొంతుకు గాక కారణానికి, పలికినదానికి ఎంతో విన్నదానికీ అంత ఇవ్వాలి.

పాఠ్యప్రణాళిక పూర్తి చేయడానికే సమయం చాలదు, చర్చలకు తీరిక ఏదని ఉపాధ్యాయులు ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయితే చర్చ పాఠానికి వెలుపలి వస్తువు కాదు. చరిత్రలో ఒక యుద్ధం, విజ్ఞానశాస్త్రంలో ఒక ఆవిష్కరణ, కావ్యంలో ఒక పాత్ర నిర్ణయం, ఏది తీసుకొన్నా దానిలో వాదానికి చోటుంది. పక్షం నిలబెట్టడానికి విద్యార్థి ఆ పాఠాన్ని నాలుగుసార్లు చదువుతాడు. పరీక్ష కోసం చదివినది పరీక్షతో పోతుంది; ఎదుటివానికి సమాధానం చెప్పడం కోసం చదివినది నిలుస్తుంది.

చర్చ ముగిసిన తరువాత చేయించవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. ఎదుటి పక్షం చెప్పినవాటిలో తనను ఎక్కువగా ఆలోచింపజేసిన కారణమేదో ప్రతి విద్యార్థీ ఒక్క వాక్యం రాయాలి. ఆ వాక్యం రాయడం మొదట కష్టం. అది ఓటమిని ఒప్పుకొన్నట్లు తోస్తుంది. క్రమంగా ఆ భావం పోతుంది. కొత్త కారణం విని అభిప్రాయం మార్చుకోవడం చిన్నతనం కాదని, విన్న తరువాతా తన అభిప్రాయమే సరైనదనిపిస్తే దానిని మర్యాదగా నిలుపుకోవడం మొండితనం కాదని విద్యార్థి గ్రహిస్తాడు. రేపు గ్రామసభలో, కార్యాలయంలో, తన ఇంటిలో అతడు తీసుకోబోయే నిర్ణయాలకు ఈ గ్రహింపు పెట్టుబడి అవుతుంది. తన మాటకు బదులు చెప్పే హక్కు ఎదుటివారికి ఉన్నదని తెలిసి మాట్లాడేవారే ప్రజాస్వామ్యాన్ని నిలబెడతారు.